టేస్ తర్వాత వచ్చే సీటీ రిపోర్ట్ ఎలా చదవాలి: గడ్డ సైజు ఒక్కటే చూసి భయపడకండి

ఇంట్లో ఒకళ్ళకి లివర్ క్యాన్సర్, టేస్ (TACE, రక్తనాళం ద్వారా గడ్డకి మందు పంపి దాని రక్తం ఆపే వైద్యం) చేయించారు, నెల దాటాక మళ్ళీ సీటీ తీయించారు, రిపోర్ట్ పీడీఎఫ్ ఫ్యామిలీ గ్రూపులో పడింది. ముందు గడ్డ 62 మిల్లీమీటర్లు, ఇప్పుడు 60. అంతే, ఇల్లంతా డీలా పడిపోద్ది. ఇంత ఖర్చు పెట్టాం, ఆయన అంత నొప్పి ఓర్చుకున్నాడు, తగ్గింది రెండు మిల్లీమీటర్లేనా అని. నేను ఒక హాస్పిటల్ ఐఆర్ డిపార్ట్‌మెంట్‌లో పేషెంట్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తాను, ఐఆర్ అంటే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ, కోత లేకుండా సన్నటి ట్యూబు రక్తనాళంలోకి పంపి వైద్యం చేసే విభాగం. ఇలాంటి ఫోన్లు నాకు రోజూ వస్తుంటాయి, చాలాసార్లు అదే రిపోర్ట్‌లో ఇంకో నాలుగు లైన్ల కింద అసలు మంచి వార్త ఉంటది, దాన్ని ఎవరూ చదివి ఉండరు. అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పొడుగే అవుద్ది, ఓపిగ్గా చదవండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు మీకు ఏం జరుగుతుందో తెలియడానికి ఇది, డాక్టర్ చెప్పేదానికి బదులుగా మాత్రం కాదు.

ముందు అసలు టేస్ ఏం చేస్తదో తెలిస్తే రిపోర్ట్ దానంతట అదే అర్థమవుద్ది. మన లివర్‌కి రెండు దారుల్లో రక్తం వస్తది. పేగుల నుంచి వచ్చే పోర్టల్ వెయిన్ ద్వారా దాదాపు ముప్పావు వంతు, హెపాటిక్ ఆర్టరీ అనే ధమని ద్వారా మిగతా పావు వంతు. కానీ హెచ్‌సీసీ గడ్డ, అంటే మామూలుగా లివర్ క్యాన్సర్ అనేది, దాదాపు మొత్తం రక్తాన్ని ఆ ధమని నుంచే లాక్కుంటది. ఈ ఒక్క తేడా మీదే టేస్ అంతా నిలబడి ఉంది. గజ్జ దగ్గరో మణికట్టు దగ్గరో సూది పెట్టి, సన్నటి కాథెటర్‌ని గడ్డకి వెళ్ళే కొమ్మదాకా తీసుకెళ్ళి, డాక్సోరూబిసిన్ లాంటి కీమో మందుని లిపియోడాల్ అనే నూనెలో కలిపి వదులుతారు, తర్వాత ఆ దారిని జెల్‌ఫోమ్ ముక్కలతో మూసేస్తారు, లేదా మందు నింపిన చిన్న చిన్న బీడ్స్ పంపుతారు. గడ్డకి మందు తగుల్తది, రక్తం ఆగిపోద్ది. మిగతా లివర్‌కి పోర్టల్ వెయిన్ ఉంది కాబట్టి అది బతుకుద్ది. అందుకే పోర్టల్ వెయిన్ పూర్తిగా మూసుకుపోయిన వాళ్ళకి టేస్ చెయ్యాలంటే డాక్టర్లు అంత ఆలోచిస్తారు.

ఇప్పుడు చూడండి, ధమని రక్తం ఆగితే గడ్డ చచ్చిపోద్ది, కానీ మాయమైపోదు కదా. ఎండిపోయిన కొబ్బరిచెట్టు తోటలో నిలబడే ఉంటది, దాని ఎత్తు కొలిస్తే నిరుడు ఎంతో ఇప్పుడూ అంతే, ప్రాణం ఉందో లేదో తెలియాలంటే మొవ్వు చూడాలి. చచ్చిన గడ్డని శరీరం మెల్లగా నెలల తరబడి కరిగిస్తది, కొన్నిసార్లు ఒక మచ్చలా అలాగే మిగిలిపోద్ది. కాబట్టి రిపోర్ట్‌లో మొదట చూడాల్సింది గడ్డ ఎంత ఉంది అని కాదు, అందులో ఎంత బతికుంది అని.

ఈ మాట చెప్పడానికి డాక్టర్లకే చాలా ఏళ్ళు పట్టింది

క్యాన్సర్ మందు పనిచేసిందా లేదా అని ప్రపంచమంతా ఒకే పద్ధతిలో కొలవడానికి 2000లో రెసిస్ట్ అనే రూల్స్ వచ్చాయి, 2009లో వాటినే సరిచేసి 1.1 అన్నారు. అవి పూర్తిగా సైజు మీద ఆధారపడ్డవి. ఊపిరితిత్తుల గడ్డకో రొమ్ము గడ్డకో కీమో ఇస్తే అది కుంచించుకుపోద్ది, అక్కడ ఆ లెక్క సరిపోయింది. లివర్ దగ్గరికి వచ్చేసరికి కుదరలేదు. 2000లోనే బార్సిలోనాలో యూరప్ లివర్ నిపుణులు కూర్చుని లివర్ గడ్డలో చచ్చిన భాగాన్ని లెక్కలోంచి తీసేయాలి అని చెప్పారు.

2002లో బార్సిలోనా నుంచే లివర్ నిపుణుడు జోసెప్ లోవెట్ వాళ్ళ టేస్ ట్రయల్ వచ్చింది, మొత్తం 112 మంది. టేస్ చేసిన వాళ్ళలో రెండేళ్ళకి 63 శాతం మంది బతికున్నారు, మామూలు సపోర్ట్ వైద్యం మాత్రమే తీసుకున్న వాళ్ళలో 27 శాతం. అదే ఏడాది హాంకాంగ్ నుంచి ఇంకో ట్రయల్ కూడా టేస్ ఆయుష్షు పెంచుతుందనే చూపించింది. ఆ రెండిటి తర్వాతే టేస్ అన్ని దేశాల్లో గైడ్‌లైన్లలోకి ఎక్కింది. తర్వాత 2008లో సొరాఫెనిబ్ మాత్ర ట్రయల్ వచ్చింది, 602 మంది మీద చేశారు. ఆ మాత్ర వేసుకున్న వాళ్ళు సగటున 10.7 నెలలు, ఉత్తి మాత్ర వేసుకున్న వాళ్ళు 7.9 నెలలు బతికారు. అంటే మందు పనిచేసింది. కానీ సైజు రూల్స్ ప్రకారం గడ్డ తగ్గింది ఎంతమందికో తెలుసా, 2 శాతం మందికి. మందు మనిషిని నిలబెడుతుంటే కొలబద్ద మాత్రం ఏమీ జరగలేదంటోంది, అంటే లోపం కొలబద్దలోనే ఉందన్నమాట.

ఇక్కడే ఇటలీలో పీసా యూనివర్సిటీ రేడియాలజిస్ట్ రిక్కార్డో లెంచోని పని గురించి చెప్పాలి. ఆయన ఎప్పట్నుంచో లివర్ గడ్డల్ని సూదితో కాల్చే అబ్లేషన్ మీద పనిచేస్తున్నాడు, 2003లో 102 మంది మీద రేడియోఫ్రీక్వెన్సీతో కాల్చడాన్నీ ఆల్కహాల్ ఇంజెక్షన్‌నీ పోల్చి ట్రయల్ వేశాడు. కాల్చిన వాళ్ళలో రెండేళ్ళకి 96 శాతం మందికి అదే చోట గడ్డ తిరిగి రాలేదు, ఆల్కహాల్ ఇచ్చిన వాళ్ళలో 62 శాతం మందికి. రోజూ స్క్రీన్ మీద చచ్చిన గడ్డల్నీ సగం బతికున్న గడ్డల్నీ చూసిన మనిషి కాబట్టి సైజు లెక్క ఎంత తప్పుదోవ పట్టిస్తుందో ఆయనకి బాగా తెలుసు. 2010లో లోవెట్‌తో కలిసి మోడిఫైడ్ రెసిస్ట్ అని రాశాడు, రిపోర్టుల్లో ఎం-రెసిస్ట్ అని కనిపించేది అదే. రూల్ చూస్తే చాలా సింపుల్: కాంట్రాస్ట్ (రక్తం స్కాన్‌లో తెల్లగా కనిపించేలా చేసే మందు) ఎక్కించాక ధమని ఫేజ్‌లో, అంటే అది ధమనుల్లో ఉన్న టైమ్‌లో తీసిన స్కాన్‌లో, మెరిసే భాగాన్ని మాత్రమే కొలవండి. మెరవని భాగం చచ్చింది, దాన్ని లెక్కలో వెయ్యొద్దు. అంతే. నాకు ఈ పని మీద చాలా గౌరవం, ఎందుకంటే ఇది కొత్త మందు కాదు, కొత్త మెషీన్ కాదు, ఉన్న స్కాన్‌నే సరిగ్గా చదవడం నేర్పింది. ఈ రోజు ఖమ్మంలోనో కర్నూలులోనో ఒక పేషెంట్ రిపోర్ట్‌లో "వయబుల్ ట్యూమర్", అంటే బతికున్న గడ్డ, అని విడిగా కొలత రాస్తున్నారంటే దాని వెనక ఈ ఆలోచనే ఉంది.

రెండు కొలబద్దలకీ తేడా ఎంతో చూడాలంటే 2020లో వచ్చిన అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ ఇమ్యునోథెరపీ (క్యాన్సర్ మీదకి శరీర రోగనిరోధక శక్తిని లేపే మందులు) ట్రయల్ చూడండి. అదే పేషెంట్లు, అవే స్కాన్లు. సైజు రూల్‌తో కొలిస్తే 27 శాతం మందికి గడ్డ తగ్గింది, ఎం-రెసిస్ట్‌తో కొలిస్తే 33 శాతం మందికి. అందుకే ఎవరైనా మీకు ఒక రెస్పాన్స్ శాతం చెప్తే, ఏ రూల్‌తో కొలిచారు అని అడగడం తప్పేం కాదు.

స్కాన్ సరిగ్గా తీయించడమే సగం పని

రిపోర్ట్ చదవడం కన్నా ముందు ఇది. మా దగ్గర ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే. ప్రొసీజర్ హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో చేయించుకుంటారు, ఊరికి వెళ్ళిపోతారు, నెల తర్వాత మళ్ళీ అంత దూరం ఎందుకులే అని పక్క టౌన్‌లో ఉన్న స్కానింగ్ సెంటర్‌లో "కడుపు సీటీ" అని తీయించేస్తారు. అక్కడ కాంట్రాస్ట్ ఇచ్చి ఒకే ఫేజ్ తీసి పంపిస్తారు. అది ఎన్ని వేలు పెట్టి తీసినా ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు, ఎందుకంటే మెరిసే భాగం కనిపించేది ధమని ఫేజ్‌లో మాత్రమే.

కాబట్టి సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడే "ట్రిపుల్ ఫేజ్ లివర్ సీటీ కావాలి, ఆర్టీరియల్, పోర్టల్, డిలేడ్ మూడూ ఉండాలి" అని చెప్పండి. కాంట్రాస్ట్ ఎక్కించాక సుమారు 35 సెకన్ల దగ్గర లేట్ ఆర్టీరియల్, నిమిషం దాటాక పోర్టల్, మూడు నుంచి ఐదు నిమిషాల మధ్య డిలేడ్ తీస్తారు. లిపియోడాల్‌తో టేస్ అయిన వాళ్ళకి వీటికి ముందు కాంట్రాస్ట్ లేకుండా ప్లెయిన్ కూడా తప్పనిసరిగా తీయమనండి, ఎందుకో కింద చెప్తా. డాక్టర్ రాసిచ్చిన చీటీ మీద టేస్ ఏ తేదీన అయింది, లిపియోడాల్ వాడారా బీడ్స్ వాడారా అని రాయించుకుని వెళ్తే రేడియాలజిస్ట్‌కి చాలా మేలు చేసినవాళ్ళవుతారు, ఆ ముక్క తెలియకుండా రిపోర్ట్ రాయాల్సి రావడం వాళ్ళకీ కష్టమే.

పాత స్కాన్ సీడీ తప్పకుండా తీసుకెళ్ళండి. ఫిల్ములు కాదు, ఫిల్మ్‌ని ఫోన్‌తో తీసిన ఫొటో అసలే కాదు, సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో డైకామ్ ఫైల్స్, అంటే స్కాన్ అసలు ఫైల్స్. పాతది లేకపోతే కొత్త రిపోర్ట్‌లో "పోల్చడానికి పాత స్కాన్ లేదు" అని ఒక లైన్ రాసి వదిలేస్తారు, అప్పుడు సగం ఉపయోగమే. వీలైతే ప్రతిసారీ ఒకే సెంటర్, ఒకే రకం స్కాన్. మొదటిసారి సీటీ, రెండోసారి ఎంఆర్ఐ, మూడోసారి మళ్ళీ సీటీ అని మారుస్తుంటే కొలతలు పోల్చడం కష్టమవుద్ది.

కాంట్రాస్ట్ ఇవ్వాలంటే క్రియాటినిన్ అనే కిడ్నీ రక్తపరీక్ష చూస్తారు, కొత్త రిపోర్ట్ దగ్గర పెట్టుకోండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి, కిడ్నీ లెక్కని బట్టి ఆపాలా వద్దా వాళ్ళు చెప్తారు. ఇంతకు ముందు కాంట్రాస్ట్‌కి దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది అస్సలు దాచొద్దు.

ఎప్పుడు తీయించాలి? టేస్ తర్వాత మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలకి. అబ్లేషన్ తర్వాత ఒక నెలకి, తర్వాత మూడు నెలలకొకసారి. వై-90 అని రేడియేషన్ పూసలు పంపే వైద్యం అయితే మొదటి అసలైన స్కాన్ మూడు నెలల దగ్గర చూస్తారు. ఆత్రం కొద్దీ పది రోజులకే తీయించేస్తే వాపూ గాలిబుడగలూ కనిపించి లేనిపోని భయం పట్టుకుంటది.

ఇప్పుడు రిపోర్ట్ చేతిలోకి తీసుకోండి

మొదటి పేజీలో సైజులు కనిపిస్తాయి, వాటిని దాటేసి "ఎన్‌హాన్స్‌మెంట్" అనే మాట ఎక్కడుందో వెతకండి. కాంట్రాస్ట్‌తో మెరవడాన్నే అలా అంటారు. "నో ఆర్టీరియల్ ఎన్‌హాన్స్‌మెంట్" అంటే ఆ గడ్డలో బతికున్న భాగం కనిపించట్లేదు. "నోడ్యులర్ ఆర్టీరియల్ ఎన్‌హాన్స్‌మెంట్ విత్ వాషవుట్" అంటే ఒక ముక్క ఇంకా బతికుంది, ధమని ఫేజ్‌లో మెరిసి తర్వాతి ఫేజ్‌లలో చుట్టూ ఉన్న లివర్ కన్నా నల్లబడుతోంది. "నెక్రోసిస్" అంటే చచ్చిన భాగం, ఈ మాట చూసి చాలామంది కుళ్ళిపోయిందేమో అని కంగారు పడతారు, ఇక్కడ మాత్రం అది మనం కోరుకునేదే.

కొన్ని సెంటర్లు లై-రాడ్స్ పద్ధతిలో రాస్తాయి. అక్కడ ఎల్ఆర్-టీఆర్ అని ఉండి పక్కన నాన్‌వయబుల్, ఈక్వివోకల్, వయబుల్, నాన్‌ఇవాల్యుయబుల్ అని ఏదో ఒకటి ఉంటది. మొదటిది బతికున్న జాడ లేదని, రెండోది తేల్చి చెప్పలేమని, మూడోది బతికుందని, నాలుగోది స్కాన్ సరిగా రాలేదు మళ్ళీ తీయండని. ఈ నాలుగోది వస్తే బతిమాలి అయినా మళ్ళీ తీయించండి, ఆ రిపోర్ట్ మీద నిర్ణయం తీసుకోవద్దు.

ఇంక లెక్క. పైన చెప్పిన 62 మిల్లీమీటర్ల గడ్డనే తీసుకుందాం. టేస్‌కి ముందు మొత్తం 62 మెరుస్తోంది. ఇప్పుడు మొత్తం సైజు 60, అందులో మెరుస్తున్న ముక్క 18. సైజు రూల్ ప్రకారం తగ్గింది 3 శాతం, అంటే స్టేబుల్ డిసీజ్, మార్పు లేదని. ఎం-రెసిస్ట్ ప్రకారం 62 నుంచి 18, అంటే 71 శాతం తగ్గింది. 30 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గితే పార్షియల్ రెస్పాన్స్ అంటారు. మెరుపు పూర్తిగా పోతే కంప్లీట్ రెస్పాన్స్. 20 శాతం, అంతకన్నా ఎక్కువ పెరిగితే ప్రోగ్రెషన్. ఈ మధ్యలో ఉంటే స్టేబుల్. గడ్డలు రెండుంటే రెండిటి మెరిసే కొలతలూ కలిపి లెక్కేస్తారు, లివర్‌లో ఎక్కువలో ఎక్కువ రెండు గడ్డల్నే లెక్కకి ఎంచుకుంటారు, ఒక్కోటి కనీసం ఒక సెంటీమీటర్ ఉండాలి. మెరిసే ముక్కని కొలిచేటప్పుడు మధ్యలో పెద్ద చచ్చిన భాగం అడ్డు వస్తే దాన్ని దాటుకుంటూ గీత గీయకూడదు, ఇది కూడా ఆ రూల్‌లోనే ఉంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తగ్గడాన్ని మొట్టమొదటి స్కాన్‌తో పోలుస్తారు, పెరగడాన్ని మాత్రం ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అతి తక్కువ కొలతతో పోలుస్తారు. అంటే 62 నుంచి 18కి వచ్చిన ముక్క మూడు నెలల తర్వాత 25 అయిందనుకోండి, మీరు "62 ఎక్కడ 25 ఎక్కడ, బానే ఉంది కదా" అనుకుంటారు, కానీ 18 నుంచి 25 అంటే 39 శాతం పెరిగినట్టు, డాక్టర్ దృష్టిలో అది ప్రోగ్రెషన్. ఆయన ఇంకో టేస్ అనో మందు మార్చాలనో అంటే కారణం ఇదే, డబ్బుల కోసం అని తొందరపడి అనుకోవద్దు. అందుకే ఒక నోట్‌బుక్‌లో ప్రతి స్కాన్ తేదీ, మొత్తం సైజు, మెరిసే సైజు, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కి చూసే రక్తపరీక్ష) ఒక వరసలో రాసుకుంటూ రండి, మూడు నాలుగు స్కాన్లు అయ్యేసరికి మీ దగ్గరున్న ఆ పేజీనే అందరికన్నా ముందు డాక్టర్ అడుగుతారు.

కొత్త మచ్చ కనిపించింది అని రిపోర్ట్‌లో ఉన్నా వెంటనే కుంగిపోకండి. సిర్రోసిస్ (లివర్ దెబ్బతిని గట్టిపడటం) ఉన్న లివర్‌లో చిన్న చిన్న మచ్చలు చాలా కనిపిస్తుంటాయి. కొత్తది కనీసం ఒక సెంటీమీటర్ ఉండి, ధమని ఫేజ్‌లో మెరిసి తర్వాత నల్లబడితేనే దాన్ని కొత్త క్యాన్సర్ గడ్డగా లెక్కేస్తారు, లేకపోతే తర్వాతి స్కాన్‌లో పెరుగుతుందో లేదో చూస్తారు. కడుపులో నీరు కనిపించినా అంతే, అది లివర్ బలహీనత వల్ల కూడా వస్తది, క్యాన్సర్ వల్లే అని చెప్పాలంటే నీరు తీసి కణాలు పరీక్ష చెయ్యాలి.

ఈ పద్ధతి పనిచెయ్యని చోట్లు కూడా ఉన్నాయి, అది చెప్పకపోతే అన్యాయం. కొన్ని గడ్డలు మొదట్నుంచీ ధమని ఫేజ్‌లో మెరవవు, వాటికి పాత సైజు లెక్కే వాడాలి. లివర్ అంతా పాకినట్టు అంచులు తెలియకుండా ఉండే రకానికి కొలత తీయడమే కష్టం. ఇమ్యునోథెరపీ ట్రయల్స్‌లో ఇప్పటికీ రెసిస్ట్ 1.1నే ఎక్కువ నమ్ముతారు. 2024లో లెంచోని డాక్టర్ల సదస్సులో చెప్పిన ఎమరాల్డ్-1 ట్రయల్‌లో టేస్‌కి డుర్వాలుమాబ్, బెవాసిజుమాబ్ కలిపితే జబ్బు ముదరకుండా 15 నెలలు, టేస్ ఒక్కటే అయితే 8.2 నెలలు ఆగింది, ఆ ట్రయల్‌లో కూడా ప్రధాన లెక్క రెసిస్ట్ 1.1తోనే. తన రూల్‌నే అన్నిచోట్లా వాడాలని పట్టుబట్టకపోవడం నాకు నచ్చింది.

ఏ వైద్యం అయితే ఏం చూడాలి

లిపియోడాల్‌తో టేస్ అయితే, ఆ నూనె సీటీలో తెల్లగా మెరుస్తది, కాంట్రాస్ట్ కూడా తెల్లగానే మెరుస్తది, రెండూ కలిసిపోయి ఏది బతికున్న భాగమో ఏది నూనో తెలియకుండా పోద్ది. అందుకే ప్లెయిన్ స్కాన్ అడగమన్నది, ప్లెయిన్‌లో ఉన్న తెలుపు నూనెది, కాంట్రాస్ట్ తర్వాత అదనంగా వచ్చిన తెలుపు గడ్డది. గడ్డ నిండా నూనె గట్టిగా నిలిచిపోయి ఉంటే మంచి సూచనే, ఒక పక్క నూనె లేకుండా ఖాళీగా ఉంటే రేడియాలజిస్ట్ అక్కడే ఎక్కువ వెతుకుతారు. సీటీలో తేలకపోతే ఎంఆర్ఐ అడగండి, ఎంఆర్ఐకి ఈ నూనె అడ్డం రాదు. బీడ్స్‌తో చేసిన వాళ్ళకి ఈ తెలుపు గొడవ ఉండదు. అలాగని బీడ్సే గొప్పవి అనుకోకండి, 2010లో వచ్చిన ప్రెసిషన్ ఫైవ్ ట్రయల్‌లో 212 మందిలో రెండిటినీ పోలిస్తే గడ్డ మీద ఫలితంలో బీడ్స్ గట్టిగా పైచెయ్యి అని తేలలేదు, లివర్ మీద దెబ్బ మాత్రం బీడ్స్‌తో తక్కువ.

అబ్లేషన్ అయితే రిపోర్ట్ చూసి ఇంకా ఎక్కువ భయపడతారు. 20 మిల్లీమీటర్ల గడ్డకి అబ్లేషన్ చేస్తే తర్వాతి స్కాన్‌లో 35 మిల్లీమీటర్ల మచ్చ అని వస్తది. పెరగలేదండీ, కావాలనే గడ్డ చుట్టూ ఐదు నుంచి పది మిల్లీమీటర్ల మంచి లివర్‌ని కూడా కలిపి కాలుస్తారు, అంచుల్లో ఒక్క కణం కూడా మిగలకూడదని. ఆ కాలిన ప్రాంతం గడ్డ కన్నా పెద్దగా ఉంటేనే సరిగ్గా చేసినట్టు. చుట్టూ సన్నగా ఒకే మందంతో ఒక రింగు మెరిస్తే అది మొదటి నెలల్లో మామూలే, మంట వల్ల వచ్చేది. ఒక పక్కనే ముద్దగా మెరిస్తే అది అడగాల్సిన విషయం.

వై-90 సంగతి వేరే. ఇక్కడ రక్తం ఆపడం కన్నా రేడియేషన్‌తో చంపడం ముఖ్యం, ఆ పూసల్లోని యిట్రియం అనే రేడియేషన్ పదార్థం సగం అయిపోవడానికే 64 గంటలు పట్టుద్ది, గడ్డ కణాలు చావడానికి నెలలు పట్టుద్ది. మూడు నెలలకి కూడా కొంచెం మెరుపు మిగిలి ఉండొచ్చు, అది తగ్గుతూ పోతుంటే చాలు. ఈ కారణంగానే 2024లో లై-రాడ్స్ వాళ్ళు రేడియేషన్ అయిన వాళ్ళకి వేరే పద్ధతి పెట్టారు, అందులో నాన్‌ప్రోగ్రెసింగ్ అనే మాట వచ్చింది, అంటే మెరుస్తున్నా పెరగట్లేదు, కంగారు లేదు, చూద్దాం అని. 2021లో వచ్చిన లెగసీ స్టడీలో ఒకే గడ్డ ఉన్న 162 మందికి ఈ గాజు పూసలతో వైద్యం చేస్తే, ఎం-రెసిస్ట్‌తో కొలిచినప్పుడు 88.3 శాతం మందిలో స్పందన కనిపించింది, ఆ స్టడీ ఆధారంగానే అదే ఏడాది అమెరికాలో ఆ పూసలకి అనుమతి ఇచ్చారు. పీసాలో ఒక రేడియాలజిస్ట్ స్కాన్ చదివే పద్ధతి రాస్తే అది ఇక్కడిదాకా వచ్చింది.

గడ్డతో పాటు లివర్ ఎలా ఉందో కూడా చూడాలి

నేను ఫోన్‌లో గట్టిగా చెప్పేది ఇదే. స్కాన్‌లో గడ్డ చచ్చింది, అందరూ సంతోషం, కానీ లివర్ పనితీరు చెప్పే రక్తపరీక్షల్లో బిలిరుబిన్ 1.2 నుంచి 3కి పోయింది, అల్బుమిన్ పడిపోయింది, కాళ్ళు వాచాయి. ఆ మనిషికి టేస్ మేలు చేసిందా? మన దగ్గర లివర్ క్యాన్సర్ వచ్చే వాళ్ళలో చాలామందికి హెపటైటిస్ బి వల్లో, సి వల్లో, తాగుడు వల్లో, ఫ్యాటీ లివర్ వల్లో అప్పటికే సిర్రోసిస్ ఉంటది, ప్రతి టేస్ ఆ లివర్ మీద కొంత భారం వేస్తది. అందుకే ఇప్పుడు నెలనెలా లెక్క పెట్టుకుని టేస్‌లు చెయ్యరు, స్కాన్‌లో బతికున్న భాగం ఉంటే, లివర్ తట్టుకోగలిగితేనే మళ్ళీ చేస్తారు. ఒకే గడ్డకి రెండుసార్లు చేసినా మెరుపు తగ్గకపోతే మూడోసారి అదే చెయ్యడం కన్నా మందుల వైపు, ఇమ్యునోథెరపీ వైపు వెళ్ళాలా అని అడగాల్సిన టైమ్ అది. మీ నోట్‌బుక్‌లో ఏఎఫ్‌పీ పక్కనే బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్ కూడా రాయండి, లివర్ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే చైల్డ్-ప్యూ స్కోరు ఎంత అని ప్రతిసారీ అడగండి. ఏఎఫ్‌పీ మొదట్నుంచీ పెరగని వాళ్ళు కూడా చాలామంది ఉంటారు, వాళ్ళకి అది నార్మల్‌గా ఉందని నిశ్చింతగా ఉండలేం, పివ్కా-2 అనే ఇంకో రక్తపరీక్ష ఉంటది, అవసరమా అని అడగండి.

ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన ఉన్న వాళ్ళకి ఈ మెరిసే కొలత ఇంకా ముఖ్యం. మిలాన్ రూల్ ప్రకారం ఒక్క గడ్డ అయితే 5 సెంటీమీటర్లలోపు, మూడుదాకా ఉంటే ఒక్కోటి 3 సెంటీమీటర్లలోపు ఉండాలి. మొదట దానికన్నా పెద్దగా ఉన్నా, టేస్ తర్వాత బతికున్న భాగం ఆ లెక్కలోకి వస్తే మళ్ళీ ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాట్లాడొచ్చు. "డౌన్‌స్టేజింగ్ అయిందా డాక్టర్ గారూ" అని అడగండి. మా నాన్నకి ఇంక ఆ ఛాన్స్ లేదని మొదటి రోజు చెప్పారు అని అక్కడే ఆగిపోయిన కుటుంబాల్ని చూశాను, ఆ మాట ఆ రోజు స్కాన్‌కి చెప్పింది.

కంప్లీట్ రెస్పాన్స్ అని వచ్చినా స్కాన్లు మానొద్దు. స్కాన్‌కి కనిపించనంత చిన్న ముక్కలు మిగలొచ్చు, సిర్రోసిస్ ఉన్న లివర్‌లో వేరే చోట కొత్తది రావచ్చు. మూడు నెలలకొకసారి అంటే మూడు నెలలకే, పంట కోతలు, పెళ్ళిళ్ళు అని ఆరు నెలలు చెయ్యొద్దు.

స్కాన్ దాకా ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. టేస్ తర్వాత కొన్ని రోజులు జ్వరం, కుడి పక్క నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం మామూలే, రాసిచ్చిన మందులు వాడితే తగ్గుద్ది. కానీ చలి వణుకుతో గట్టి జ్వరం వస్తే, వారం దాటినా జ్వరం పోకపోతే, కళ్ళు పచ్చబడితే, మనిషి మత్తుగా తికమకగా మాట్లాడితే, విరేచనం తారులా నల్లగా వచ్చినా రక్తం కక్కినా, పొట్ట ఉబ్బుతున్నా అదే రోజు ప్రొసీజర్ చేసిన హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యండి, రాత్రయినా సరే. డిశ్చార్జ్ సమ్మరీ మీద ఎమర్జెన్సీ నంబర్ ఉంటది, దాన్ని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి. ఇంకోటి, హెపటైటిస్ బి ఉన్న వాళ్ళు ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ వాడుతుంటే టేస్ అయిపోయింది కదా అని ఆ మాత్ర మాత్రం ఆపకండి, ఈ వైద్యం తర్వాత ఆ వైరస్ మళ్ళీ లేచే ప్రమాదం ఉంది, మాత్ర అయిపోకముందే తర్వాతి నెలది తెచ్చిపెట్టుకోండి.